వారానికో ఐదు నిమిషాల స్టార్టింగు: డీజిల్ ఇంజనుకు మంచిదనుకుని చేసే చెరుపు

చేపల వేట నిషేధం మొదలయ్యే ఏప్రిల్ 15 దగ్గర పడిందంటే విశాఖ ఫిషింగ్ హార్బరులో ఒక సలహా వినిపించడం మొదలవుతుంది. అక్టోబరులో తుపాను కబుర్లు రాగానే అదే సలహా మధురవాడ, సీతమ్మధార అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. "వాడినా వాడకపోయినా వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపెయ్యండి. ఇంజను పాడవదు." ఆనందపురం, పద్మనాభం వైపు రైతులు పవర్ టిల్లరుకూ ఆయిలింజనుకూ దీన్నే పాటిస్తారు. అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ శనివారం పొద్దున్న జనరేటరు ఆన్ చేసి, పొగ చూసి, ఆపేసి, పుస్తకంలో టిక్కు పెడతాడు. అందరికీ తృప్తి.

ఈ ఐదు నిమిషాల పని ఇంజనును కాపాడదు, మెల్లగా తినేస్తుంది. డీజిల్ ఇంజనుకు రెండే దారులున్నాయి. వాడాలనుకుంటే బాగా వేడెక్కేలా లోడు మీద, అంటే నిజంగా పని చేయిస్తూ, నడపాలి. నెలల తరబడి వాడనప్పుడు సరిగ్గా సిద్ధం చేసి, మళ్లీ అవసరం పడేదాకా ముట్టుకోకూడదు. ఈ రెంటికీ మధ్యలో ఉన్నదే మన ఊళ్లో అందరూ చేసే పని.

ఐదు నిమిషాల్లో లోపల జరిగేది

డీజిల్‌లో బరువు ప్రకారం సుమారు 13 శాతం హైడ్రోజన్ ఉంటుంది. అది కాలితే నీరవుతుంది. లెక్క కడితే లీటరు డీజిల్ కాలినప్పుడు దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు దీంతో ఏ ఇబ్బందీ లేదు, ఆవిరి ఆవిరిగానే సైలెన్సరు దాటి పోతుంది. చల్లటి ఇంజనులో అలా కాదు. ఐడిలింగులో (పని లేకుండా ఊరికే తిరిగేటప్పుడు) గంటకు 2 లీటర్లు తాగే ఇంజనును ఐదు నిమిషాలు నడిపితే 160 మిల్లీలీటర్లకు పైగా డీజిల్ కాలుతుంది, అంతే నీరు తయారవుతుంది. అందులో కొంత చల్లటి సైలెన్సరు గోడలకు పట్టి అక్కడే ఉండిపోతుంది. కొంత పిస్టను రింగుల పక్కనుంచి జారే గ్యాసుతో కలిసి క్రాంక్‌కేసులోకి, అక్కడ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగుతుంది. జనరేటరు సైలెన్సర్లు బయట రంగు బాగానే ఉండి లోపలినుంచి పొరలు పొరలుగా ఊడటానికి ప్రధాన కారణం ఇదే.

సంపులోకి దిగిన తేమ బయటికి పోవాలంటే ఆయిల్ 80–90 డిగ్రీలకు చేరి అక్కడ కొంతసేపు నిలవాలి. లోడు లేకుండా ఐదు నిమిషాలు నడిస్తే ఆయిల్ ఆ వేడి దరిదాపులకు కూడా రాదు. ఆయిల్ మూత తిప్పి చూస్తే లోపల మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తే అది ఆయిల్‌లో కలిసిన నీరు. హెడ్ గ్యాస్కెట్ పోయిందని ఇంజను విప్పడానికి తొందరపడకుండా, ముందు ఆ ఇంజనును ఎలా నడుపుతున్నారో అడగాలి.

ఇంకోటి, చల్లటి సిలిండరులో డీజిల్ పూర్తిగా కాలదు. కాలని డీజిల్ లైనరు (సిలిండరు లోపలి గొట్టం) మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, రింగుల పక్కనుంచి సంపులోకి జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. మిగిలింది మసితో కలిసి నల్లటి జిడ్డుగా ఎగ్జాస్టు జాయింట్ల దగ్గర కారుతుంది. జనరేటర్ల పనివాళ్లు దీన్ని వెట్ స్టాకింగ్ అంటారు. డీజిల్ చిమ్మే నాజిల్ మొన మీద కార్బన్ పేరుకుని స్ప్రే చెడుతుంది. స్ప్రే చెడితే మంట ఇంకా అధ్వాన్నం, మళ్లీ కార్బన్. వారం వారం ఇదే చక్రం.

బ్యాటరీ, రింగులు: రెండు బలమైన అభ్యంతరాలు

ఈ పద్ధతిని సమర్థించేవాళ్ల మొదటి మాట బ్యాటరీ. వారానికోసారి స్టార్ట్ చేస్తే బ్యాటరీ ఛార్జి నిలుస్తుందంటారు. ఇందులో సగం నిజం ఉంది. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు లాగినా, ఐదు సెకన్లకు ఖర్చయ్యేది అర ఆంపియర్-అవర్ లోపే. ఐదు నిమిషాల్లో ఆల్టర్నేటరు దాన్ని తిరిగి ఇవ్వగలదు. అక్కడితో సరి. బ్యాటరీ కూర్చున్నంత సేపూ దానంతటదే దిగే ఛార్జి అలాగే బాకీ ఉంటుంది. పైగా లెడ్-యాసిడ్ బ్యాటరీలో చివరి 20 శాతం నిండటానికి గంటలు పడుతుంది. అలా ఎప్పుడూ ముప్పావు వంతు దగ్గర వేలాడే బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఈ తరుగు కూడా పెరుగుతుంది, మన ఎండల్లో ఇంకా త్వరగా. బ్యాటరీ కోసం ఇంజను నడపడం కంటే ఒక చిన్న ఛార్జరు కొనడం చవక.

రెండో మాట ఇంతకంటే గట్టిది. కదలకుండా ఉంచితే రింగులు లైనరుకు పట్టేస్తాయి, తరవాత హ్యాండిలుకు గాని సెల్ఫుకు గాని తిరగదు. ఇది కట్టుకథ కాదు. సముద్రం దగ్గర రెండు వానాకాలాలు ఊరికే పడున్న ఆయిలింజన్లలో పిస్టను పట్టేయడం మామూలే. అయితే పట్టేయకుండా ఉండటానికి కావలసింది కదలిక, మంట కాదు. డీజిల్ అందకుండా స్టాప్ లివరు లాగిపెట్టి, సిలిండరులో గాలి ఒత్తిడి పోయేలా డీకంప్రెషన్ లివరు ఎత్తి, నెలకోసారి చేత్తో రెండు చుట్లు తిప్పితే చాలు. పెద్ద ఇంజనైతే క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి తిప్పాలి. వేరే చోట ఆగేలా తిప్పితే సరిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సిలిండరులో ఆయిల్ వేసి సీలు చేసిన ఇంజనును ఇలా తిప్పకూడదు. తిప్పిన ప్రతిసారీ రింగులు ఆ ఆయిల్ పొరను గీకేస్తాయి. నెలనెలా తిప్పమని కొందరు, అసలు ముట్టుకోవద్దని కొందరు చెప్పడం గందరగోళంగా ఉంటుంది గాని, రెండూ వేరువేరు స్థితిలో ఉన్న ఇంజన్లకు చెప్పిన మాటలు.

జనరేటరును మూసిపెట్టలేం కదా

నిజమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన తరవాత రోజుల తరబడి కరెంటు లేని ఊరు ఇది. అపార్ట్‌మెంటు జనరేటరును సీలు చేసి పెట్టుకోమని ఎవరూ చెప్పరు. అది పిలవగానే పలకాలి. అందుకే దానికి మొదటి దారి: తక్కువ సార్లు, కాని లోడు మీద. అమెరికా వాళ్ల ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రమాణం అత్యవసర జనరేటర్లను నెలకోసారి, రేటింగులో కనీసం 30 శాతం లోడుతో, 30 నిమిషాలు నడపమంటుంది. వారానికి ఐదు నిమిషాల చొప్పున నెలకు అయ్యేది 20 నిమిషాలే, అదీ లోడు లేకుండా.

62.5 కేవీఏ జనరేటరు అంటే 0.8 పవర్ ఫ్యాక్టరు దగ్గర 50 కిలోవాట్లు. 30 శాతం అంటే 15 కిలోవాట్లు. బోరు మోటారు, సంపు మోటారు, రెండు లిఫ్టులు, కామన్ లైట్లు అన్నీ ఒకేసారి ఎక్కిస్తే చాలా భవనాల్లో దీనికి దగ్గరగా వస్తుంది. చిక్కల్లా కరెంటు లైను నుంచి జనరేటరుకు మార్చే ఛేంజోవర్ స్విచ్చి తిప్పితే లిఫ్టు ఆగుతుందని, టీవీలు ఆరిపోతాయని ఫ్లాట్లవాళ్లు గొడవ చేస్తారు. అందుకే వాచ్‌మన్ లోడు ఎక్కించకుండా ఆపేస్తాడు. నెలకో ఆదివారం, ఓవర్‌హెడ్ ట్యాంకు నింపే సమయానికి, ముందే నోటీసు పెట్టి చేస్తే ఈ గొడవ ఉండదు. భవనం మొత్తం లోడు 30 శాతానికి రాకపోతే జనరేటరు అవసరానికి మించి పెద్దది కొన్నారని అర్థం. అప్పుడు ఏడాదికోసారైనా లోడ్ బ్యాంకు (జనరేటరుకు కృత్రిమంగా లోడు ఇచ్చే యంత్రం) అద్దెకు తెచ్చి కార్బన్ కాల్చాలి.

ట్యాంకు నింపాలా, ఖాళీ చేయాలా

నిల్వ సంగతి ఎత్తితే అన్నిటికంటే ఎక్కువ వాదన దీని మీదే. నిండు ట్యాంకు పక్షం వాళ్లు చెప్పేది: ఖాళీ జాగాలో గాలి ఉంటుంది, రాత్రి చల్లబడితే గాలిలో తేమ గోడలకు నీరై పడుతుంది, కాబట్టి నింపెయ్యాలి. ముగింపు సరైనదే. కారణం మాత్రం అందరూ అనుకునేంత పెద్దది కాదు.

30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. 50 లీటర్ల ఖాళీ ట్యాంకులో ఉండేది 1.2 గ్రాములు. పగలు రాత్రి తేడా 10 డిగ్రీలనుకుంటే ట్యాంకు రోజుకు తన గాలిలో 3 శాతం మాత్రమే బయటికి వదిలి లోపలికి పీల్చుకుంటుంది. అంటే రోజుకు 0.04 గ్రాములు. రెండు నెలలకు రెండు మూడు గ్రాములు, ఒక చెంచా కూడా కాదు. మరి ఫిల్టరు గిన్నెలో గ్లాసెడు నీళ్లు ఎక్కడివి? చాలావరకు మూత వాషరు చీలి వాన నీళ్లు దిగినవి, ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము పైకప్పు మీద నిలిచి బిరడా సందులోంచి జారినవి, బోటులో అయితే డెక్కు మీది మూతలోంచి వచ్చినవి. డీజిల్ కూడా తనతో కొంత తెస్తుంది. డీజిల్‌కు మన దేశపు ఐఎస్ 1460 ప్రమాణం కిలోకు 200 మిల్లీగ్రాముల దాకా నీటిని అనుమతిస్తుంది. 50 లీటర్లకు అది 8 గ్రాముల దాకా రావచ్చు. కాబట్టి ట్యాంకు నింపడానికి ముందు పది రూపాయల వాషరు మార్చండి. డ్రమ్మును నిలబెట్టకుండా అడ్డంగా పడుకోబెట్టి, రెండు బిరడాలూ డీజిల్ మట్టం కిందకి వచ్చేలా తిప్పి ఉంచండి.

అయినా నింపమనే ఎందుకంటే, ఇనప ట్యాంకులో డీజిల్ తగలని గోడే ముందు తుప్పు పడుతుంది. పైవరకూ కాకుండా 95 శాతం నింపాలి. ఎండకు డీజిల్ వ్యాకోచిస్తుంది, కుత్తుకదాకా పోస్తే ట్యాంకుకు గాలాడే రంధ్రం, బ్రీదరులోంచి కారుతుంది. ప్లాస్టిక్ ట్యాంకైతే తుప్పు గొడవ లేదు, సగం ఉన్నా ఫరవాలేదు.

ఏడాది దాటే నిల్వకు మాత్రం నా ఓటు ఖాళీ ట్యాంకుకే. 30 డిగ్రీలు దాటే వేడిలో డీజిల్‌ను ఆరు నెలలకు మించి నమ్మడం కష్టం. నెమ్మదిగా ఆక్సీకరణ చెంది జిగురు కడుతుంది, రంగు ముదురుతుంది. అడుగున చెంచాడు నీరు ఉన్నా చాలు, నీరూ డీజిలూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరుగుతాయి. అమోర్ఫోథీకా రెసినే అనే శిలీంధ్రం వీటిలో పేరుమోసింది. ఫిల్టరు విప్పితే నల్లటి జిగట చీమిడిలా వచ్చేది ఇవే. ఒకసారి పట్టాక మందు పోస్తే చచ్చిన చెత్త అంతా ఒక్కసారిగా ఊడి ఫిల్టర్లను మూసేస్తుంది. ట్యాంకు కడగక తప్పదు. బయోసైడ్ (ఈ సూక్ష్మజీవులను చంపే మందు) వాడదలిస్తే డీజిల్ శుభ్రంగా ఉన్న రోజునే, డబ్బా మీద రాసిన మోతాదులోనే వేయాలి. వేశాక ఇంజనును నడిపితేనే అది డీజిల్ పంపు దాకా, నాజిల్ దాకా చేరుతుంది. పెట్రోలు స్టెబిలైజర్లు దీనికి పనికిరావు. కిరోసిన్ కలిపితే నిల్వ ఉంటుందనేది కూడా వినొద్దు, పంపు ప్లంజర్లకు (డీజిల్‌ను నెట్టే చిన్న పిస్టన్లకు) కందెన తగ్గడం తప్ప లాభం లేదు.

ఆపే రోజు పని

వరస ముఖ్యం. పాత ఆయిల్ మీద ఇంజనును పడుకోబెట్టి, మళ్లీ సీజనుకు ముందు కొత్త ఆయిల్ పోద్దామనుకోవడం ఎక్కువమంది చేసే పొరపాటు. పైకి పొదుపులా కనిపిస్తుంది. పాత ఆయిల్‌లో మసి, తేమ, ఆమ్లాలు ఉంటాయి. ఆ నెలలన్నీ బేరింగులు వాటిలోనే నానుతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిలే కాబట్టి గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములకు దిగింది, ఇంతకుముందున్న సల్ఫ్యూరిక్ ఆమ్లం బెడద బాగా తగ్గింది, ఇది ఒప్పుకోవాలి. నైట్రోజన్ ఆక్సైడ్లనుంచి వచ్చే ఆమ్లం, ఆయిల్ పాతబడి పుట్టే ఆమ్లాలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇంజనును లోడు మీద అరగంట నడిపి, వేడిమీదే ఆయిల్ దించాలి. చల్లారాక దించితే మసి అడుగున ఉండిపోతుంది. ఫిల్టరు మార్చి కంపెనీ చెప్పిన గ్రేడు పోయాలి, మన వాతావరణానికి ఎక్కువ ఇంజన్లకు 15డబ్ల్యూ40 సరిపోతుంది. సెడిమెంటరు (డీజిల్‌లోని నీరు, మురికి దిగే గిన్నె) అడుగు స్క్రూ వదులుచేసి గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు ఆగి చూడండి. అడుగున గీత కనబడితే నీరు. గీత రాని దాకా దించాలి. డీజిల్ ఫిల్టర్లు కొత్తవి వేసి, ఎయిర్ తీసి (పైపుల్లో చిక్కిన గాలి వదిలి), మళ్లీ పది నిమిషాలు నడపాలి. కొత్త ఆయిల్ ప్రతి బేరింగుకూ, శుభ్రమైన డీజిల్ ప్రతి నాజిలుకూ చేరడానికే ఈ పది నిమిషాలు. అప్పటికి ఇంజను వేడిగానే ఉంటుంది కనక ఇది శనివారం వాచ్‌మన్ చేసే పని కిందికి రాదు.

ఆరు నెలలు దాటేట్టయితే సిలిండరులో ఆయిల్ వేయాలి. ఇక్కడ పెట్రోలు ఇంజను పద్ధతి డీజిలుకు పట్టుకొస్తే ప్రమాదం. నడుస్తున్న పెట్రోలు ఇంజను కార్బురేటరులో ఆయిల్ కొడితే పొగ వచ్చి ఆగిపోతుంది. నడుస్తున్న డీజిల్ ఇంజను గాలిదారిలో ఆయిల్ పోస్తే దాన్నే ఇంధనంగా తాగి, వేగాన్ని అదుపు చేసే గవర్నరు మాట వినకుండా పరుగెడుతుంది. డీజిల్ ఆపినా ఆగదు. కాబట్టి ఆపిన ఇంజనులోనే, నాజిల్ విప్పి, ఆ రంధ్రంలోంచి వేయాలి. ఎంత? 5 హార్స్‌పవర్ సింగిల్ సిలిండరు ఇంజను 553 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి 16.5 అనుకుందాం. పిస్టను పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 36 సీసీ లోపు. 50 మిల్లీలీటర్లు ఉదారంగా పోస్తే ఆయిల్ నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. 10 మిల్లీలీటర్లు చాలు, సిరంజితో కొలిచి వేయండి. స్టాప్ లివరు లాగి, చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి, కంప్రెషన్ స్ట్రోకు పైన ఆపండి. అక్కడ రెండు వాల్వులూ మూసి ఉంటాయి. నాజిల్ కింద రాగి వాషరు కొత్తది వేసి బిగించండి. కామన్ రైల్ ఇంజనైతే (అన్ని నాజిళ్లకూ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందేది) నాజిళ్లు, హై ప్రెషర్ పైపులు ఇంట్లో విప్పొద్దు. ఆ పని తెలిసినవాళ్లది.

ఎయిర్ క్లీనరు మూతి, సైలెన్సరు మూతి దళసరి ప్లాస్టిక్‌తో మూసి టేపు చుట్టాలి. పందికొక్కుల కంటే ఎలుకలు, వాటికంటే మట్టిగూడు కట్టే కందిరీగలు ఎక్కువ చేటు చేస్తాయి. ట్యాంకు మూత బ్రీదరు రంధ్రంలో చిటికెడు మట్టి పెడితే చాలు, ఆర్నెల్ల తరవాత ఇంజను ఐదు నిమిషాలు నడిచి ఎందుకు ఆగిపోతోందో తెలియక పంపు విప్పుతారు. బ్రీదరుకు సన్నటి స్టీలు జాలీ కట్టండి. మూసిన ప్రతి మూతి పేరూ కాగితం మీద రాసి స్టీరింగుకో హ్యాండిలుకో కట్టాలి.

బ్యాటరీ నెగటివ్ ముందు తీసి, దించి, నీడలో ఉంచండి. నిండా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ కొన్ని గంటలు విశ్రాంతి తీసుకున్నాక 12.6 పైన చూపిస్తుంది. 12.4కు దిగితే ఛార్జింగు పెట్టాలి. గచ్చు మీద పెడితే ఛార్జి దిగుతుందనే భయం పాత రోజులది, ఇప్పటి ప్లాస్టిక్ కేసుకు ఆ బాధ లేదు.

ట్రాక్టరైతే క్లచ్ పెడలు తొక్కి చెక్కముక్క అడ్డుపెట్టి ఉంచాలి. లేకపోతే తేమకు క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుంటుంది. హైడ్రాలిక్ సిలిండర్ల రాడ్లు లోపలికి ముడిచి, బయట మిగిలిన మెరుపు భాగానికి గ్రీజు పూయాలి. బెల్టులు వదులు చేయడం, టైర్లు నేలకు తగలకుండా దిమ్మలు పెట్టడం అందరికీ తెలిసినవే.

మంచు దేశాల మాన్యువల్, మన ఉప్పుగాలి

ఇంటర్నెట్‌లో దొరికే నిల్వ సలహాల్లో ఎక్కువభాగం మంచు పడే దేశాలవి. వాళ్ల ప్రధాన భయం రేడియేటరులో నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగలడం. మనకు ఆ భయం లేదు కనక కూలెంటు అక్కర్లేదని తేల్చేసి, బోరు నీళ్లు పోసి ఊరుకుంటారు. కూలెంటులో గ్లైకాల్ గడ్డకట్టకుండా చూస్తే, దానితో కలిపిన రసాయనాలు తుప్పు పట్టకుండా చూస్తాయి. మనకు కావలసింది ఆ రెండోది. బోరు నీళ్లలోని క్లోరైడులు, సున్నం లైనరు బయటివైపు గుంటలు పొడుస్తాయి. డీమినరలైజ్డ్ నీళ్లతో సగానికి సగం కలిపి నిండా పోయాలి. నీళ్లు దించేసి వదిలేయడం అన్నిటికంటే చెడ్డది. తడి గోడకు గాలి తగిలిన చోటే తుప్పు ముదురుతుంది.

రెండో తేడా ఉప్పు. వంటింటి ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే చెమర్చి నీరవుతుంది. సముద్రపు తుంపరలో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమ చాలు. విశాఖ తీరంలో గాలి అంతకంటే పొడిగా ఉండే రోజులు బహు తక్కువ. అంటే ఇంజను మీద పడిన ఉప్పు పొర ఎప్పుడూ తడిగానే ఉంటుంది. దాన్ని కడగకుండా పైన గ్రీజు పూస్తే ఉప్పును లోపల దాచిపెట్టినట్టే. ముందు మంచినీళ్లతో కడగాలి, ఆల్టర్నేటరు, సెల్ఫ్, బ్రీదరు మీదికి ప్రెషరు కొట్టకూడదు. తరవాత ఇంజను వేడికి ఆరబెట్టి, అప్పుడు తుప్పు నిరోధక ఆయిల్ స్ప్రే చేయాలి. కాబట్టి కడగడం ఆయిల్ మార్పుకు ముందే అయిపోవాలి.

ప్లాస్టిక్ షీటు చుట్టి తాడుతో బిగించడం చూస్తే పాపం ఎంత శ్రద్ధ అనిపిస్తుంది. నేలలోంచి లేచే తేమ ఆ షీటు కింద చిక్కుకుని తెల్లారేసరికి ఇంజను చెమట పట్టి ఉంటుంది. టార్పాలిను పైన పందిరిలా కప్పి, అడుగున జానెడు ఎత్తు గాలాడేలా వదలాలి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం బిగించి కట్టి, దాటగానే విప్పండి.

61 రోజులకు ఇదంతా అవసరమా

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. బోటు యజమానులు అడిగే ప్రశ్న న్యాయమైనదే: రెండు నెలలకు ఇంత ఖర్చు దేనికి? నిజానికి ఇంత అక్కర్లేదు. సిలిండరులో ఆయిల్ వేయడం, బయోసైడ్ వదిలెయ్యొచ్చు. ఆయిల్ మార్పు, ట్యాంకులో నీళ్లు దించడం, బ్యాటరీలు ఒడ్డుకు చేర్చడం మానకూడదు. వీటికి తోడు బోటుకే ప్రత్యేకమైన పని ఒకటుంది. ఉప్పునీళ్లు తిరిగే దారి మొత్తం మంచినీళ్లతో కడిగి ఖాళీ చేయాలి. ఉప్పునీళ్ల పంపులో రబ్బరు ఇంపెల్లరు (నీళ్లను తోసే రెక్కల చక్రం) ఉంటే తీసి పక్కన పెట్టాలి. రెండు నెలలు వంగి ఉన్న రెక్కలు అలాగే బిగుసుకుపోతాయి, మొదటి రోజు వేటకే విరిగి ముక్కలు కూలరు పైపుల్లో ఇరుక్కుంటాయి. జూన్ 15న ఒడ్డునుంచి బయల్దేరి దారిలో హీటెక్కి తిరిగొచ్చే బోటు ఖర్చుతో పోలిస్తే ఇంపెల్లరు తీసే పావుగంట ఎంత!

ఏప్రిల్‌లో ఒడ్డుకెక్కిన బోటుకు చెక్క పని, రంగు పని జరుగుతున్నప్పుడు ఇంజనును మధ్యమధ్యలో స్టార్ట్ చేసి చూపించమనే సరదా కూడా మానుకోవాలి. నీళ్లలో లేని బోటులో ఉప్పునీళ్ల పంపు పొడిగా తిరుగుతుంది. ఇంపెల్లరు కాలిపోవడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు.

తిరిగి లేపేటప్పుడు

సెల్ఫ్ కొట్టడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఇన్‌లైన్ రకం డీజిల్ పంపులో ప్లంజరుకూ, అది ఆడే బ్యారెలుకూ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. నిల్వలో కొద్దిపాటి నీరు చేరినా ప్లంజరు తుప్పుకు పట్టేస్తుంది, దానితో డీజిల్ మోతాదు మార్చే ర్యాకు కడ్డీ కూడా కదలదు. ర్యాకు ఫుల్ డీజిల్ దగ్గర పట్టేసి ఉంటే స్టార్ట్ అయిన క్షణం నుంచీ ఇంజను అదుపు తప్పుతుంది, స్టాప్ లివరు పనిచేయదు. అందుకే ముందు స్టాప్ లివరు, యాక్సిలరేటరు లివరు రెండూ చేత్తో చివరంటా కదిపి చూడాలి. బిగుతుగా ఉంటే బలవంతం చేయకుండా పంపు విప్పించాలి.

కట్టిన కాగితం చూసి మూసిన మూతులన్నీ తెరవండి. సిలిండరులో ఆయిల్ వేసిన ఇంజనైతే నాజిల్ తీసి, చేత్తో తిప్పి, మిగిలిన ఆయిల్ కక్కించాలి. సెడిమెంటరు నీళ్లు దించి ఎయిర్ తీయండి. తరవాత స్టాప్ లాగిపెట్టి పది పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొడుతూ ఆయిల్ ప్రెషరు ముల్లు లేచేదాకా తిప్పాలి, మధ్యలో సెల్ఫ్ చల్లారడానికి నిమిషం ఆగాలి. అప్పుడు స్టార్ట్ చేయండి. ఎయిర్ క్లీనరు పైపు విప్పి, దాని మూతికి సరిపడే చెక్కపలక పట్టుకుని ఒకరు పక్కన నిలబడాలి. ఇంజను పరుగందుకుంటే ఆపగలిగేది గాలి మూసే ఆ పలకే. అరచెయ్యి అడ్డుపెడితే పీల్చేసుకుంటుంది. పలక అవసరం పడకపోతే ఎయిర్ క్లీనరు బిగించి, ఐడిలింగులో రెండు మూడు నిమిషాలు చూసి, మెల్లగా లోడు ఎక్కించి అరగంట నడపండి. ఆపాక సెడిమెంటరు ఇంకోసారి దించండి. మొదటి 20 గంటల్లో పికప్ తగ్గితే డీజిల్ ఫిల్టరు మార్చాలి, ట్యాంకు అడుగున కూర్చున్న చెత్త కదిలి అక్కడికే చేరుతుంది కాబట్టి ఒక ఫిల్టరు అదనంగా కొని దగ్గర ఉంచుకోవడం మంచిది.